జీతం ఇరవయ్యో తేదీకే అయిపోతోంది: తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ పక్కన సంపాదించుకునే దారులు ఏమున్నాయి?

ప్రశ్న: కొర్లగుంట గృహస్థు

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. పి.ఎఫ్. పోను చేతికి 31,000 రూపాయలు వస్తాయి. నాన్నగారు కట్టించిన ఇల్లు కాబట్టి అద్దె బాధ లేదు గానీ, అబ్బాయి స్కూలు ఫీజు, అమ్మకు షుగరు, బీపీ మాత్రలు, వేసవిలో 300 యూనిట్ల దాకా వెళ్లే కరెంటు, బండి పెట్రోలు, నెలనెలా కట్టే చీటీ, ఇవన్నీ పోయాక ఇరవయ్యో తేదీ నుంచి చేబదుళ్ల మీదే నడుస్తోంది. నా భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల నెలల్లో తీరిక ఉండదు, మిగతా నెలల్లో మిషను మూతపడి ఉంటుంది. మిద్దె మీద వేరే మెట్ల దారితో ఒక గది, చిన్న వంటిల్లు, బాత్‌రూము ఉన్నాయి. అద్దెకున్నవారు ఖాళీ చేశాక ఎవరినీ పెట్టలేదు.

ట్యూషన్లు చెప్పమని, భోజనం పార్సిళ్లు చేరవేయమని, బీమా ఏజెన్సీ తీసుకోమని చెప్పేవారు చాలామంది ఉన్నారు కాబట్టి అవి కాకుండా ఇంకేమైనా ఉంటే తెలుసుకోవాలని అడుగుతున్నాను. సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారం పూర్తిగా నాకు ఖాళీ. అమ్మమ్మగారిది తిరుత్తణి వైపు కావడంతో తమిళం చదవడం, రాయడం బాగా వచ్చు. తెలిసినవారు మూడు సలహాలు ఇచ్చారు: టెలిగ్రామ్‌లో టాస్కులు చేయడం, కమీషన్ తీసుకుని నా బ్యాంకు ఖాతాను వేరేవారి లావాదేవీలకు ఇవ్వడం, దూరపు ఊళ్ల వారికి దర్శనం టికెట్లు ఇప్పించి మీద నాలుగు రూపాయలు తీసుకోవడం. వీటిలో మంచిచెడ్డలు కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: బైరాగిపట్టెడ

ముందు ఆ మూడింటి సంగతి తేల్చేద్దాం. మిగతా పనుల్లో శ్రమ వృథా పోతే పోవచ్చు గానీ, ఈ మూడింటిలో ఉన్నది కూడా పోతుంది.

టెలిగ్రామ్ టాస్కులలో మొదట వీడియోలకు లైకు కొట్టినందుకో, హోటళ్లకు రేటింగు ఇచ్చినందుకో నిజంగానే నూరో రెండు వందలో మీ ఖాతాలో వేస్తారు. అది ఎర. తర్వాత ప్రీపెయిడ్ టాస్కు అని చెప్పి మీ చేత కట్టించడం మొదలుపెడతారు. తెర మీద లాభం పెరుగుతున్నట్టు కనబడుతూనే ఉంటుంది, తీసుకోబోతే మాత్రం ముందు పన్ను కట్టమంటారు, లేదా ఇంకొక టాస్కు పూర్తి చేయమంటారు. ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు ఫోను చేయాలి, ఎందుకంటే డబ్బు ఖాతాలు మారకముందు అయితేనే దానిని ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఖాతా అద్దెకివ్వడమంటే ఆ మోసపోయినవారి డబ్బు మీ పేరు మీదుగా పోనివ్వడమే. ఫిర్యాదు రాగానే పోలీసులు మొదట పట్టుకునేది ఖాతాదారుడినే, వెనకున్నవాడిని కాదు. జీతం పడే ఖాతా స్తంభించిపోతే ఆ నెల ఇల్లు ఎలా గడుస్తుందో ఆలోచించండి. కేసు సంగతి తర్వాత.

ఇక దర్శనం టికెట్లు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానం ఆన్‌లైన్‌లో భక్తుడి పేరు మీద, గుర్తింపు కార్డు నంబరుతో ఇస్తుంది. వాటిని ఎక్కువ ధరకు అమ్మేవారిని విజిలెన్సు సిబ్బంది పట్టుకుని పోలీసులకు అప్పగించడం మన ఊరి పేపర్లలో తరచూ చదివేదే. కొండ కింద పుట్టి పెరిగినవాళ్లం ఆ దళారీ పేరు తెచ్చుకోవడం ఎందుకు?

జవాబు: అలిపిరి దారి

మీ దగ్గరున్న అసలు ఆస్తి మిద్దె మీది గది. తిరుపతిలో ఖాళీ గది అనగానే అందరికీ యాత్రికులే గుర్తొస్తారు, కానీ నా లెక్కలో అది మీకు కుదిరే వ్యాపారం కాదు.

రోజుకు వెయ్యి రూపాయల చొప్పున నెలలో పన్నెండు రోజులు గది నిండిందనుకుందాం. పన్నెండు వేలు అని వినడానికి బాగుంటుంది. అందులోంచి బుకింగ్ యాప్ కమీషన్, ప్రతి బృందం వెళ్లగానే దుప్పట్లు ఉతికించడం, గీజరు కరెంటు, గది కడిగేవారి కూలి తీసేయండి. తెల్లవారుజామున మూడు గంటల రైలుకు దిగినవారికి తాళం తీసివ్వడానికి లేచే మనిషికి మాత్రం ఎవరూ కూలి లెక్క కట్టరు. అది మీ భార్యో మీ అమ్మగారో అవుతారు. శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు తప్పిస్తే మధ్యలో గది ఖాళీగా ఉండే రోజులూ ఉంటాయి. రోజువారీ అద్దెకిస్తే కరెంటు వాణిజ్య కేటగిరీలోకి పోతుంది. విదేశీయులు ఎవరైనా దిగితే 24 గంటల లోపల వారి వివరాలు అధికారులకు పంపవలసిన బాధ్యత ఇంటి యజమానిదే.

దీనికి బదులు ఆసుపత్రులకు వచ్చేవారి వైపు చూడండి. స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులకు తోడు 2022లో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాల పాటు సాగుతుంది. రోజూ యంత్రం దగ్గర గడిపేది కొద్ది నిమిషాలే కాబట్టి చాలామందిని ఆసుపత్రిలో చేర్చుకోరు, వాళ్లు బయట ఉండి వచ్చి పోవలసిందే. కడప, అనంతపురం, నెల్లూరు పల్లెల నుంచి వచ్చిన కుటుంబం అన్ని వారాలు లాడ్జిలో ఉండలేదు. నెలవారీ ఇళ్లవారేమో అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు అడుగుతారు. మధ్యలో ఉన్న ఈ అవసరానికి, అంటే రెండు వారాల నుంచి రెండు నెలల దాకా ఉండేవారికి, చిన్న వంటిల్లు ఉన్న గది దొరకడం కష్టం. మీ దగ్గర ఉన్నది సరిగ్గా అదే.

రోజుకు 350 రూపాయల చొప్పున వారానికి ఒకసారి ముందుగా తీసుకున్నా, నెలలో ఇరవై రోజులు నిండితే ఏడు వేలు వస్తాయి. దుప్పట్ల గొడవ ఉండదు, వంట వాళ్లే చేసుకుంటారు. ఒక గ్యాస్ స్టవ్, రెండు మంచాలు, నాలుగు గిన్నెలు, పాత ఫ్రిజ్ చాలు. ఒక్క విషయంలో మాత్రం ఆలోచించాలి: చికిత్సలో నీరసించిన మనిషి రోజూ మెట్లెక్కి దిగలేకపోవచ్చు. అందుచేత మెట్లున్నాయని ఫోనులోనే చెప్పండి, మెట్ల పక్కన గట్టి కమ్మీ పెట్టించండి. ఆధార్ నకలు, ఆసుపత్రి చీటీ నకలు తీసుకుని ఉంచుకోండి. ఆపదలో ఉన్నవారి దగ్గర సీజను రేటు అంటూ పెంచకుండా ఏడాదంతా ఒకే ధర ఉంచితే, వెళ్లేవారే వచ్చేవారికి మీ నంబరు ఇచ్చి పోతారు; ప్రకటన ఖర్చు కూడా ఉండదు.

జవాబు: తిరుత్తణి ఆడపడుచు

మీకు తమిళం చదవడం, రాయడం కూడా వచ్చని చదివి ఈ జవాబు రాస్తున్నాను. మన వైపు తమిళం మాట్లాడేవారికి కొదవ లేదు, రెండు లిపులూ ధారాళంగా చదివేవారే తగ్గిపోతున్నారు.

ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినప్పుడు తిరుత్తణి వైపు ఊళ్లు మద్రాసు రాష్ట్రానికి పోయాయి, సత్యవేడు వైపు ఊళ్లు చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. ఈ మార్పు వల్ల సత్యవేడు ప్రాంతంలో తాతల నాటి దస్తావేజులు తమిళంలోనూ, అటు తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలలో తెలుగులోనూ నేటికీ పెట్టెల్లో కనిపిస్తాయి. అన్నదమ్ముల భాగాలు తేలేటప్పుడు, బ్యాంకు అప్పుకు పెట్టేటప్పుడు, అమ్మకం జరిగేటప్పుడు ఆ కాగితాలలో హద్దులు ఏమని రాశారో మనవలకు అర్థం కాదు. ఆ పాత దస్తావేజును చదివి, తెలుగులో శుభ్రంగా రాసి ఇచ్చే మనిషి కావాలి. లెక్కల పనిలో ఉన్నవారు కాబట్టి కుంట, సెంటు, ఎకరా లెక్కల్లో మీకు తడబాటు ఉండదు.

ఈ పని కోసం ప్రకటనలు వేయనక్కరలేదు. పుత్తూరు, నగరి, సత్యవేడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరులను, ఇద్దరు ముగ్గురు న్యాయవాదులను ఆదివారాలు వెళ్లి కలిసి, ఒక నమూనా పేజీ చేసి చూపించండి. పదాల లెక్కన కాకుండా పేజీకి ఇంత అని మాట్లాడుకోండి. పాత చేతిరాత పేజీకి ధర ఎక్కువ ఉండాలి, ఎందుకంటే చదవడానికే పూట పడుతుంది. చెరిగిపోయిన చోట ఊహించి రాయకూడదు, చదవరాలేదని అక్కడే రాసి వదిలేయాలి. కోర్టుకు వేసే అనువాదమైతే ధ్రువీకరణ ఎవరు చేయాలో న్యాయవాదినే చూసుకోమనండి, మీరు సంతకం పెట్టి చిక్కుల్లో పడవద్దు. చెన్నై, వేలూరు నుంచి యాత్రికులు వచ్చే హోటళ్లకు, దుకాణాలకు బోర్డులు, ధరల పట్టికలు తమిళంలో తప్పులు లేకుండా రాసి ఇవ్వడం ఇంకో చిన్న పని.

మీ ఇంటావిడ కుట్టుపని గురించి కూడా ఒక మాట. పెళ్లిళ్లు లేని నెలల్లో కొత్త జాకెట్లకోసం ఎదురుచూడటం కంటే చీరలకు ఫాల్, పీకో, పాత జాకెట్లు వదులు చేయడం, స్కూలు యూనిఫాంల మరమ్మతు తీసుకుంటే మిషను ఆగదు. ఇవి చిన్న మొత్తాలే గానీ ఆ రోజుకారోజు చేతికి వస్తాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం కాబట్టి, చంద్రగిరి చీరల దుకాణాలకు వెళ్లి ఫాల్ పని గంపగుత్తగా తెచ్చుకున్నా దారి ఖర్చు ఉండదు.

జవాబు: దామలచెరువు రైతు

మా వైపు నుంచి ఒక మాట, ఇది ఏడాదిలో మూడు నెలల పని మాత్రమే. మామిడి తోపుల్లో కోసే కాయను దామలచెరువు మండీకి తోలితే రైతుకు వచ్చే ధరకూ, తిరుపతి అపార్ట్‌మెంట్లలో అదే కాయను కొనే ధరకూ మధ్య చాలా తేడా ఉంది. వాట్సాప్ గ్రూపులో ముందుగా ఆర్డర్లు, ముందుగా డబ్బు తీసుకుని, ఆదివారం తోపుకు వచ్చి లెక్కగా కోయించుకుని పోయేవారికి ఆ తేడాలో కొంత మిగులుతుంది, రైతుకూ మండీ కంటే కొంచెం ఎక్కువ వస్తుంది.

తెచ్చేది బంగినపల్లి, ఇమామ్ పసంద్, మల్లిక అయి ఉండాలి. సీజను చివర్లో నీలం. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల కాయ, ఇంటింటికీ అమ్మడానికి పనికిరాదు. 2025 జూన్‌లో దాని ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. ఆ ఏడాది చౌకగా వస్తోంది కదా అని తోతాపురి తీసుకుపోయి అమ్ముకోలేక ఇబ్బంది పడినవారు ఉన్నారు.

కాయను వరిగడ్డిలోనే మాగబెట్టండి. కాల్షియం కార్బైడు నిషిద్ధం. బుట్టలో పది కాయలకు ఒకటి చొప్పున చెడుతుందని ముందే లెక్క వేసుకుని ధర చెప్పాలి. ఆర్డరు లేకుండా ఒక్క బుట్ట కూడా తేవద్దు. ఆహార పదార్థం అమ్ముతున్నారు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేయించుకోండి; చిన్న వ్యాపారులకు ఫీజు ఏడాదికి 100 రూపాయలే.

జవాబు: లెక్కల పుస్తకం

అందరూ రాబడి గురించి చెప్పారు, నేను ఖర్చు వైపు నుంచి వస్తాను. అంతకుముందు ఒక ఆశ్చర్యం: అకౌంట్స్ తెలిసిన మనిషి అకౌంట్స్ తప్ప అన్నీ అడుగుతున్నారు. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు దుకాణదారులలో సరుకు చూసుకోవడమే తప్ప బిల్లులు సర్దుకునే తీరిక లేనివారు చాలామంది. నెలనెలా జీఎస్టీ వేసేవారికి 11వ తేదీ లోపల జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీ లోపల 3బి (పన్ను కట్టే రిటర్ను) వెళ్లాలి. కాంపొజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద నిర్ణీత శాతం కట్టే పద్ధతి) కింద ఉన్నవారు మూడు నెలలకొకసారి 18వ తేదీ లోపల కడితే సరిపోతుంది. సాయంత్రం ఏడు తర్వాత దుకాణం దగ్గరే కూర్చుని బిల్లులు ఎక్కించి ఇచ్చే మనిషికి నలుగురు ఖాతాదారులు దొరికితే నెలనెలా కదలని రాబడి అవుతుంది. మీ సంస్థతో లావాదేవీలున్న దుకాణాలను మాత్రం తీసుకోకండి, మీ నియామక పత్రంలో రెండో పని గురించి ఏం రాశారో ఒకసారి చదవండి. ఇది చదివే ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా ఇటువంటి పనులేవీ కుదరవు.

పన్ను గురించి భయపడనక్కరలేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు. అయినా ఈ రాబడులను రిటర్నులో చూపించండి, అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ కాగితమే పనికివస్తుంది.

ఇప్పుడు కరెంటు. ప్రస్తుత శ్లాబులలో మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75 చొప్పున పడుతుంది. అంటే 225 యూనిట్లకు దాదాపు 1,017 రూపాయలయ్యే బిల్లు 300 యూనిట్లకు 1,673 అవుతుంది, సర్దుబాటు ఛార్జీలు వగైరా వేరు. కాబట్టి మీరు తగ్గించవలసింది పైన ఉన్న ఆ 75 యూనిట్లను. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లలోపే. రోజుకు పదహారు గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 21 యూనిట్లకు పైగా తగ్గుతాయి. అలాంటివి రెండు మారిస్తే వేసవి నెలల్లో 370 రూపాయలకు పైగా మిగులు. ఇల్లంతా ఒకేసారి మార్చనక్కరలేదు, మీ అమ్మగారి గదిలోది, పడక గదిలోది చాలు.

మాత్రల విషయంలో జన ఔషధి కేంద్రానికి వెళ్లి, చీటీలో ఉన్న మందు పేరు, మోతాదు చూపించి అడగండి. బ్రాండు మందులతో పోలిస్తే సగం ధరకు, చాలా వాటికి ఇంకా తక్కువకే వస్తాయి. మార్చే ముందు డాక్టరుకు చెప్పి మార్చండి, మార్చాక ఒకసారి షుగరు, బీపీ చూపించండి. పట్టణ ఆరోగ్య కేంద్రాలలో ఈ రెండింటికీ మందులు ఉచితంగానే ఇస్తారు. లైనులో నిలబడే ఓపిక ఉంటే ఆ ఖర్చే ఉండదు.

చీటీ సంగతి మీరు ఒక్క ముక్కలో వదిలేశారు గానీ నాకు అక్కడే అనుమానం. లక్ష రూపాయల చీటీని మూడో నెలలో పాతిక వేలు తోసి పాడుకుంటే చేతికి వచ్చేది 75 వేలు. అది పొదుపు కాదు, ఖరీదైన అప్పు. చివరి దాకా ఆగగలిగినవారికే చీటీ లాభం. అందులో నిర్వాహకుడి కమీషన్ కూడా ఉంటుంది. 2019 సవరణ చట్టం ఆ పరిమితిని 5 శాతం నుంచి 7 శాతానికి పెంచింది. మీది రిజిస్టరైన చీటీ కాకపోతే, వీధిలో ఎంత మంచి పేరున్న మనిషి నడుపుతున్నా, ఇది ముగిశాక కొత్తది వేయకుండా ఆ వాయిదానే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) లోకి మళ్లించండి.

ప్రశ్నకర్త: కొర్లగుంట గృహస్థు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. టికెట్లు, టాస్కులు, ఖాతా విషయాలు అక్కడితో వదిలేశాను. చీటీ రిజిస్టరైనది కాదు, ఇంకా ఎనిమిది వాయిదాలున్నాయి, పాడకుండా చివరి దాకా ఉంటాను. గది గురించే ఒక సందేహం. మిద్దెకూ కిందికీ ఒకటే మీటరు ఉంది. ఆసుపత్రికి వచ్చిన కుటుంబాన్ని పెడితే వాళ్లు వాడిన యూనిట్లు కూడా నా మీటరులోనే పడి, అన్నీ 8.75 శ్లాబులోకే పోతాయి కదా? అప్పుడు వచ్చే అద్దెలో ఎంత మిగులుతుంది?

జవాబు: అలిపిరి దారి

సరైన ప్రశ్న. మిద్దె మీది భాగానికి వేరే దారి, వేరే వంటిల్లు ఉన్నాయి కాబట్టి దానికి వేరే సర్వీసు కోసం విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. వేరే మీటరు వస్తే శ్లాబులు మళ్లీ 1.90 నుంచే మొదలవుతాయి. ఒక కుటుంబం ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు మాత్రమే వాడితే 125 యూనిట్లు దాటడం అరుదు, అంటే 417 రూపాయలు, స్థిర ఛార్జీలు అదనం. కుటుంబాలు వంట చేసుకుని నివాసం ఉండే భాగమని దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి, గృహ కేటగిరీలోనే ఇస్తారో లేదో సెక్షన్ అసిస్టెంట్ ఇంజినీరును ముందే అడిగి తెలుసుకోండి. మీటరు వచ్చేలోపు ఒక సబ్ మీటరు పెట్టించి, వారం వారం రీడింగు వాళ్లకే చూపించి యూనిట్ల లెక్కన విడిగా తీసుకోండి. అద్దెలో కలిపేస్తే గీజరు రోజంతా వెలుగుతూనే ఉంటుంది. గీజరు బదులు అక్కడ గ్యాస్ స్టవ్ మీదే నీళ్లు కాచుకునే ఏర్పాటు చేస్తే ఇంకా నయం, సిలిండరు వాళ్ల ఖర్చు కిందికి వస్తుంది.